వాటర్ రోలర్లకు ఇంకు పట్టేస్తోందా? ఆఫ్‌సెట్ మిషన్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రెస్‌లో పనిచేసేవాళ్ళు నలుగురు కలిస్తే తప్పకుండా వచ్చే మాట ఇది: "వాటర్ రోలర్లు నల్లబడిపోతున్నాయి. కడిగితే కాసేపు బాగుంటుంది, మళ్ళీ మామూలే." ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీద అచ్చుపడే భాగం ఇంకును, ఖాళీ భాగం నీటిని పట్టుకుంటాయి. ఆ నీటిని ప్లేటుకు అందించేవే వాటర్ రోలర్లు, వీటినే డ్యాంపర్లు అంటాం. ఈ జవాబులు ముఖ్యంగా జాబ్ ప్రెస్‌ల కోసం రాసినవి. మోల్టన్ అనే నూగు గుడ్డ తొడిగిన రోలర్లతో నడిచే డామినెంట్, జీటీఓ లాంటి పాత మిషన్లున్నవాళ్ళకీ, ఆల్కహాల్ డ్యాంపనింగ్ (ఆల్కహాల్ కలిపిన నీళ్ళతో తడిపే పద్ధతి) ఉన్న నాలుగు రంగుల షీట్‌ఫెడ్ (విడి కాగితాలు నడిపే) మిషన్లున్నవాళ్ళకీ ఉపయోగపడతాయి. కడగడం ఎలాగో కూడా చెప్తాను గానీ, ఇంకు ఎందుకు పట్టిందో తేల్చకుండా కడుగుతూ పోతే రోలరూ అరుగుతుంది, పనీ ఆగుతుంది.

వాటర్ రోలర్‌కి కొంచెం ఇంకు అంటడం మామూలేనా?

మీ మిషన్‌లో ఏ పద్ధతి ఉందో దాన్నిబట్టి ఉంటుంది. మోల్టన్ రోలర్ మీద లేత మరక వస్తే కంగారు పడక్కర్లేదు. గుడ్డ నూగు అణిగిపోయి, ముట్టుకుంటే జిడ్డుగా, వెలుతురులో మెరుస్తూ కనబడితే మాత్రం అది నీళ్ళు మోయడం మానేసిందని అర్థం.

ఆల్కహాల్ డ్యాంపనింగ్‌లో ప్లేటుకు తగిలే రబ్బరు రోలర్ మీద పలచని ఇంకు పొర ఉండటం సహజం. కొన్ని మిషన్లలో ఆ రోలర్ బ్రిడ్జ్ రోలర్ ద్వారా ఇంకు రోలర్లతో కలిసే నడుస్తుంది. ఆ ఇంకు వెనక్కి నడిచి, నీళ్ళు అందించే క్రోమ్ పూత రోలర్‌కి చేరిందంటే, తొట్టిలో నీళ్ళ మీద రంగు తేలిందంటే, అప్పుడు మిషన్ ఆపి చూడాల్సిందే.

అసలు ఇంకు అక్కడిదాకా ఎలా వస్తుంది?

ప్లేటు మీదుగానే. డ్యాంపర్ రోలర్ ప్రతి చుట్టులోనూ ప్లేటు మీద అచ్చుపడే భాగాన్ని కూడా తాకుతుంది, అక్కడ ఇంకు ఉంటుంది. రోలర్ ఒంటి మీద నీటిపొర సరిగ్గా ఉన్నంతసేపు ఇంకు దాన్ని పట్టుకోలేదు. ఆ పొర ఎక్కడ తెగితే అక్కడ ఇంకు అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్న ఇంకు మళ్ళీ ఇంకునే పిలుస్తుంది, నీళ్ళను తోసేస్తుంది. అందుకే మొదట గోరంత కనిపించిన మచ్చ పూట గడిచేసరికి పట్టీ అంత అవుతుంది.

నీటిపొర తెగడానికి దారులు కొన్నే ఉన్నాయి. నీళ్ళలో కలిపే ఫౌంటెన్ మందు పాళ్ళు చెడటం, రోలర్ ఉపరితలం పాడవడం, ఒత్తిడి సరిగ్గా లేకపోవడం, ఇంకు మరీ మెత్తబడి నీళ్ళతో కలిసిపోవడం. ప్లేటు సరిగ్గా లేక ఖాళీ భాగం కూడా ఇంకు పడుతుంటే అది ఐదోది. దాదాపు ప్రతి కేసూ వీటిలో ఏదో ఒకటిగానో, రెండు కలిసో తేలుతుంది.

నీళ్ళు పెంచితే పోతుంది కదా?

పోదు. పోయినట్టు కనిపిస్తుంది, తర్వాత ఎక్కువవుతుంది. ఎక్కువ ప్రెస్‌లలో జరిగే తప్పు ఇదే కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి.

ఆఫ్‌సెట్ ఇంకు కొంత నీటిని తనలో కలుపుకోవాలి. అలా కలుపుకోకపోతే అచ్చు సరిగ్గా రాదు. హద్దు దాటి నీళ్ళు ఇస్తే ఇంకులో జిగట తగ్గిపోతుంది. జిగట తగ్గిన ఇంకు ప్లేటును గట్టిగా పట్టుకుని ఉండలేదు, సన్నని తుంపరలుగా విడిపోయి నీళ్ళలోకి వచ్చేస్తుంది. అలా వచ్చిందే డ్యాంపర్ మీదా, క్రోమ్ మీదా, తొట్టిలోనూ చేరుతుంది. ఈలోగా కాపీ వెలిసినట్టు పడుతోందని మిషన్‌మేన్ ఇంకు పెంచుతాడు. ఇంకు పెరిగితే ఖాళీ భాగంలో మసక పట్టిందని మళ్ళీ నీళ్ళు పెంచుతాడు. మధ్యాహ్నానికి రెండూ రెట్టింపై ఉంటాయి. కాపీ మాత్రం పొద్దున్న పడినంత బాగా పడదు, ఆరదు కూడా.

సరైన నీటి మట్టం కనుక్కోవడానికి పాత పద్ధతే మంచిది. ముందు ఇంకును కావలసిన డెన్సిటీకి (రంగు చిక్కదనానికి) తెచ్చుకోండి. తర్వాత నీళ్ళు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రండి. కాగితం అంచున మసక మొదలైన చోట ఆగి, అది పోయేంతవరకే పెంచండి. ఆ పైన నీటి కంట్రోల్ ఒక గీత ఎక్కువ ఉంచితే చాలు. ఆ అంకెను జాబ్ కవరు మీద రాసి పెట్టుకుంటే అదే జాబ్ మళ్ళీ వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

లెటర్‌హెడ్‌లు, బిల్లు బుక్కులు, నాలుగు వరుసల శుభలేఖల్లాంటి తక్కువ ఇంకు జాబ్‌ల దగ్గర ఇంకొక చిక్కుంది. ఇంకు ఖర్చు కాదు, అదే ఇంకు రోలర్ల మీద గంటల తరబడి తిరుగుతూ నీళ్ళు తాగుతూనే ఉంటుంది. కట్టింగ్‌లో పోయే అంచున ఒక సాలిడ్ (నిండుగా ఇంకు పడే) పట్టీ వేస్తే పాత ఇంకు దాని మీదుగా బయటికి పోయి, కొత్త ఇంకు లోపలికి వస్తుంది. ఆ ఒక్క పట్టీతోనే కుదురుకున్న జాబ్‌లు చాలా ఉంటాయి.

ఇంకు పట్టిన తీరు చూసి కారణం చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు. అందుకే కడిగే ముందు రోలర్‌ని నిదానంగా చూడమంటాను. వీలైతే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

రోలర్ పొడవునా సమానంగా పట్టిందంటే అనుమానం నీళ్ళ మీదో, ఇంకు మీదో పెట్టాలి. ఒక పక్కనే పట్టిందంటే ఆ పక్క సెట్టింగ్ మారి ఉంటుంది, లేకపోతే బేరింగ్ అరిగి ఉంటుంది. మధ్యలో అచ్చు ఎక్కడుందో సరిగ్గా ఆ వరసలోనే పట్టీలా పడితే అక్కడ ఇంకు ఎక్కువ వదులుతున్నారని అర్థం, ఆ వరస ఇంకు కీలు (ఇంకు ఎంత వదలాలో మార్చే స్క్రూలు) బిగించాలి. రెండు చివర్లలో, కాగితం వెడల్పు దాటిన చోట పేరుకుంటే కారణం తేలిక. పెద్ద మిషన్ మీద చిన్న కాగితం నడుపుతున్నారు, చివర్ల ఇంకును తీసుకెళ్ళే కాగితం లేదు. అక్కడి ఇంకు కీలు పూర్తిగా మూసేయాలి.

నాలుగు రంగుల మిషన్ అయితే ఇంకో ఆనవాలు ఉంది. అన్ని యూనిట్లలో ఒకేసారి మొదలైతే అందరికీ నీళ్ళిచ్చే ట్యాంకును చూడండి. ఒక్క యూనిట్‌లోనే వస్తే ట్యాంకు జోలికి పోకుండా ఆ యూనిట్ రోలర్లు, ఇంకు, ప్లేటు చూడండి. ఈ ఒక్క ప్రశ్న ముందు వేసుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది.

స్కమ్మింగ్, టింటింగ్ రెండూ ఒకటేనా?

కాదు. రెండింటిలోనూ ప్లేటు ఖాళీ భాగంలో మసక పడుతుంది గానీ కారణాలు వేరు, విరుగుడు కూడా వేరు. మిషన్ ఆపి, ప్లేటు ఖాళీ భాగాన్ని తడి స్పాంజితో తుడవండి. మసక సులువుగా పోయి, మళ్ళీ నడపగానే వెంటనే తిరిగి వస్తే అది టింటింగ్. ఇంకు నీళ్ళలో కలుస్తోందన్నమాట. ఇంకు మెత్తబడిందా, నీళ్ళలోకి సబ్బు లాంటిదేమైనా చేరిందా అని చూడాలి. నీళ్ళతో తుడిస్తే పోకుండా ప్లేటును పట్టుకుని ఉంటే అది స్కమ్మింగ్. ప్లేటు ఖాళీ భాగం నీటిని పట్టే గుణం కోల్పోయింది. ప్లేట్ క్లీనర్‌తో తుడిచి, కడిగి, గమ్ము (నీటిని పట్టే పొరను నిలిపే జిగురు) పట్టించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే కొత్త ప్లేటు వేసుకోవడమే చవక.

పీహెచ్ ఎంత ఉండాలి? అది సరిగ్గానే ఉన్నా ఇంకు ఎందుకు పడుతోంది?

పీహెచ్ అంటే నీళ్ళ ఆమ్లగుణానికి కొలత. షీట్‌ఫెడ్‌లో మామూలుగా వాడే ఆమ్ల ఫౌంటెన్ ద్రావణానికి (మందు కలిపిన నీళ్ళకి) 4.8 నుంచి 5.5 మధ్య ఉంటే మంచిది. అంతకంటే బాగా తగ్గితే ఇంకు ఆరడం ఆలస్యమవుతుంది, ప్లేటు మీద అచ్చు దెబ్బతింటుంది, ఇంకు రోలర్లు ఇంకును పట్టడం మానేస్తాయి. పెరిగితే ఖాళీ భాగానికి మసక పడుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు ఏమిటంటే, పీహెచ్ ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇప్పటి ఫౌంటెన్ మందుల్లో బఫర్ (పీహెచ్‌ని కదలనివ్వని పదార్థం) కలిపి ఉంటుంది. మీరు మందు 2 శాతం పోసినా 4 శాతం పోసినా, కాగితం నుంచి సున్నం దిగినా, పీహెచ్ అంకె పెద్దగా కదలదు. పాళ్ళు తెలియాలంటే కండక్టివిటీ మీటరు (నీళ్ళలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూపేది) కావాలి. చేతిలో పట్టే చిన్న మీటరు చాలు.

ముందు ఏమీ కలపని నీళ్ళ అంకె రాసుకోండి. అందులో మందు ఒక్కో శాతం కలుపుతూ ప్రతిసారీ అంకె రాసుకుంటే మీ నీళ్ళకీ, మీ మందుకీ సరిపోయే పట్టిక తయారవుతుంది. ఉదాహరణకి ఉత్త నీళ్ళు 400 మైక్రోసీమెన్స్, 3 శాతం మందు కలిపాక 1400 వచ్చిందనుకుందాం. నడుస్తున్న ట్యాంకులో అది 2300, 2400 దాకా పెరిగితే అంత మురికి చేరిందని అర్థం, ట్యాంకు ఖాళీ చేసి కొత్తది కలుపుకోవాలి. తాజా అంకె మీద సుమారు 1000 పెరిగేదాకా ఆగొచ్చు, అంతకు మించి లాగొద్దు. ఆల్కహాల్ కలిపితే ఈ అంకె కిందికి దిగుతుంది కాబట్టి, పోల్చేటప్పుడు రెండుసార్లూ ఆల్కహాల్ కలపకముందో, రెండుసార్లూ కలిపాకనో కొలవండి.

బోరు నీళ్ళు వాడొచ్చా? ఆర్‌ఓ పెట్టిస్తే సరిపోతుందా?

హైదరాబాద్ చుట్టుపక్కల, తెలంగాణ జిల్లాల్లో చాలాచోట్ల, రాయలసీమలో బోరు నీళ్ళు గట్టి నీళ్ళు. వాటిలోని కాల్షియం రోలర్ల మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది, రబ్బరు రంధ్రాలను మూసేస్తుంది. ఆ పొర మీద నీళ్ళు నిలవవు, ఇంకు నిలుస్తుంది.

ఆర్‌ఓ పెట్టించడం మంచి పనే, కానీ అదొక్కటీ చాలదు. మరీ మెత్తటి నీళ్ళతోనూ చిక్కే. అవి కాగితంలోని, ఇంకులోని కాల్షియాన్ని లాక్కుంటాయి, ఇంకులో తేలిగ్గా కలిసిపోతాయి. ఆఫ్‌సెట్‌కి సాధారణంగా సిఫారసు చేసే గట్టిదనం 8 నుంచి 12 జర్మన్ డిగ్రీలు. మన నీటి పరీక్ష కాగితాల లెక్కలో అది లీటరుకు ఇంచుమించు 140 నుంచి 215 మిల్లీగ్రాములు. ఆర్‌ఓ నీళ్ళలో కొంత మామూలు నీళ్ళు కలిపి ఆ మట్టానికి తెచ్చుకోవచ్చు. లేదా ఆర్‌ఓ నీళ్ళ కోసమే చేసిన ఫౌంటెన్ మందు అడిగి తీసుకోవచ్చు. వానాకాలంలోనూ, ఎండాకాలం చివర్లోనూ బోరు నీళ్ళ గుణం మారుతుంది కాబట్టి ఏడాదికి ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు.

ఆల్కహాల్ ఎంత కలపాలి? ఖర్చు తగ్గించడానికి మానేస్తే?

ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) మామూలుగా 8 నుంచి 12 శాతం వాడతారు. అది నీళ్ళ తలతన్యతను తగ్గిస్తుంది, వాటిని కొంచెం చిక్కబరుస్తుంది. దానివల్లే క్రోమ్ రోలర్ మీద పలచని నీటిపొర తెగకుండా పరుచుకుంటుంది. చెప్పకుండా ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే మొదట కనిపించే ఫలితం రోలర్లకు ఇంకు పట్టడమే.

తగ్గించాలనుకుంటే దానికొక వరస ఉంది. ఆల్కహాల్ ప్రత్యామ్నాయ మందుకు మారాలి, మీటరింగ్ రోలర్ (నీటిపొర మందాన్ని నిర్ణయించేది) రబ్బరు ఇంకొంచెం మెత్తటిది వేయించాలి, ఒత్తిళ్ళు మళ్ళీ సెట్ చేయాలి, నీళ్ళను చల్లబరిచే చిల్లర్ బాగా పనిచేస్తూ ఉండాలి. ఇవేవీ మార్చకుండా డబ్బా మాత్రం మార్చితే పని జరగదు.

చిల్లర్ విషయం మన ఎండలకు ఇంకా ముఖ్యం. ట్యాంకు నీళ్ళు 10 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. చిల్లర్ చెడిపోయి ట్యాంకు వెచ్చబడితే ఆల్కహాల్ ఆవిరైపోతుంది, పొద్దున్న కలిపిన 10 శాతం సాయంత్రానికి ఉండదు. ఇంకు కూడా వేడికి మెత్తబడుతుంది. మే నెలలో మాత్రమే వచ్చే కంప్లయింట్ అయితే ముందు చిల్లర్ ఫిల్టరు, కండెన్సర్ దుమ్ము చూడండి. ఐపీఏ ఆవిరి మామూలు గది వేడిలోనే మంట అందుకుంటుంది. డబ్బాలు మిషన్ పక్కన మూత లేకుండా పెట్టొద్దు, దగ్గర్లో బీడీ, సిగరెట్ కాల్చనివ్వొద్దు.

మోల్టన్ ఎలా కడగాలి, ఎప్పుడు మార్చాలి?

రోలర్‌ని మిషన్‌లోంచి తీసి కడగాలి. మిషన్ మీదే ఉంచి కిరోసిన్ గుడ్డతో రుద్దితే పైన తెల్లబడుతుంది, ఇంకు మాత్రం గుడ్డ లోపలికి దిగుతుంది. మోల్టన్ క్లీనర్ పోసి మెత్తటి బ్రష్‌తో రుద్ది, తర్వాత ఉత్త నీళ్ళతో నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. ఈ చివరి కడుగుడు దగ్గర తొందరపడొద్దు. గుడ్డలో మిగిలిన సబ్బు మర్నాడు ఫౌంటెన్ నీళ్ళలో దిగి, ఇంకును నీళ్ళతో కలిపేసి టింటింగ్ తెస్తుంది. నీళ్ళు పిండేసి, రెండు చివర్లూ ఆనేలా స్టాండులో పెట్టి ఆరనివ్వాలి. నేల మీద పడుకోబెడితే ఒక పక్క అణిగిపోతుంది.

రెండు సెట్లు ఉంచుకోవడం మంచిది. ఒకటి మిషన్‌లో ఉంటే ఇంకొకటి ఆరుతూ ఉంటుంది. నలుపు నడిపిన మోల్టన్‌తో పసుపు నడపొద్దు.

కడిగినా నూగు లేవకపోతే, చేత్తో నొక్కితే అట్టముక్కలా గట్టిగా తగిలితే, కుట్టు దగ్గర గీత అచ్చులో కనబడితే మార్చేయండి. కొత్త తొడుగు తొడిగాక తడిపి, కాసేపు తిప్పి, రాలే నూలుపోగులు తీసేయాలి. తడిస్తే బిగుస్తుంది కాబట్టి సెట్టింగ్ పొడిగా ఉన్నప్పుడు కాదు, తడిసి బిగిశాక చేయాలి. కొత్త గుడ్డ వేసి పాత సెట్టింగ్‌తోనే నడపడం చాలాచోట్ల చూస్తాం. కొత్త గుడ్డతో రోలర్ లావవుతుంది, ప్లేటును మరీ గట్టిగా ఒత్తుతుంది. దాంతో గమ్ము పొర అరిగిపోయి ప్లేటే ఇంకు పట్టడం మొదలుపెడుతుంది.

క్రోమ్ రోలర్ ఇంకు పట్టేసింది. ఏం చేయాలి?

ముందు చిన్న పరీక్ష. రోలర్ శుభ్రంగా తుడిచి దాని మీద నీళ్ళు పోయండి. పొరలా పరుచుకుని నిలిస్తే రోలర్ బాగుంది. తామరాకు మీద నీటిలా బొట్లు బొట్లుగా విడిపోతే దానికి నీటిని పట్టే గుణం పోయింది.

మెయిన్ స్విచ్ ఆపి, రోలర్ వాష్‌తో ఇంకు తీసేయండి. తర్వాత వాష్ తాలూకు జిడ్డు పోయేలా గోరువెచ్చని నీళ్ళతో తుడవండి. ఆ తర్వాత డీలర్ దగ్గర దొరికే క్రోమ్ క్లీనర్ రాయండి. వాటిలో ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం, గమ్ అరబిక్ ఉంటాయి. ఆమ్లం ఉపరితలాన్ని శుభ్రం చేస్తుంది, గమ్ము నీటిని పట్టే పొరను నిలుపుతుంది. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, నీళ్ళతో కడిగి, మళ్ళీ నీళ్ళు పోసి చూడండి. బొట్లు ఇంకా కనిపిస్తే మరోసారి చేయాలి. చేతికి గ్లోవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. గరుకు కాగితం, ఇనుప పీచు వాడొద్దు, క్రోమ్ మీద పడిన గీతలోనే రేపు ఇంకు కూర్చుంటుంది. సిరామిక్ రోలర్ అయితే క్రోమ్ మందు వాడకుండా దానికి చెప్పిన క్లీనరే వాడాలి.

ఏ రోలర్ అయినా తిరుగుతుండగా గుడ్డ పెట్టి తుడవొద్దు. గుడ్డతో పాటు వేళ్ళు లోపలికి పోయిన ప్రమాదాలు ప్రెస్‌లలో ఎన్నో జరిగాయి. ఆపి తుడవండి, ఇంచింగ్‌తో కొంచెం తిప్పండి, మళ్ళీ ఆపి తుడవండి.

రబ్బరు రోలర్ అద్దంలా మెరుస్తోంది. మంచిదేనా?

మంచిది కాదు, అది గ్లేజింగ్. ఇంకు జిగురు, గమ్ము, కాగితం దుమ్ము, కాల్షియం కలిసి రబ్బరు మీద గట్టి పొర కట్టాయి. మామూలు వాష్‌కి ఇది కరగదు. ఎందుకంటే వాష్ నూనె మురికిని తీస్తుంది, కాల్షియం నీటి మురికి. కాల్షియం రిమూవర్ ముందు రాసి, నీళ్ళతో కడిగి, తర్వాత రోలర్ వాష్ చేయాలి.

మెజెంటా యూనిట్‌లో ఇది ముందుగా వస్తుంది. ప్రాసెస్ మెజెంటాలో వాడే రంగుపొడే కాల్షియం ఉప్పు కావడం ఒక కారణం. పూత కాగితాల్లోని కాల్షియం కార్బొనేట్ దానికి తోడవుతుంది. ఆర్ట్ పేపర్ జాబ్‌లు ఎక్కువ నడిపేవాళ్ళు వారానికోసారి కాల్షియం వాష్ పెట్టుకోవాలి.

మెరుపు పోయినా ఇంకు పడుతూనే ఉంటే రబ్బరు గట్టిదనం కొలిపించండి. డ్యాంపర్ ఫారం రోలర్ (ప్లేటుకు తగిలేది) కొత్తగా ఉన్నప్పుడు సుమారు 25 నుంచి 30 షోర్ ఏ ఉంటుంది. 40 చేరిందంటే కొత్త రబ్బరు వేయించడానికి పంపించాల్సిందే.

రోలర్ ఒత్తిడి సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి?

మోల్టన్ రోలర్లకు రెండు చివర్లా, మధ్యలోనూ ఒకే మందం ఉన్న ప్లాస్టిక్ పట్టీలు పెట్టి లాగి చూడాలి. మూడుచోట్లా ఒకేలా పట్టుతో రావాలి. రబ్బరు రోలర్లకు ఇంకు పట్టించి, ఆపిన ప్లేటు మీద కొద్ది క్షణాలు దించి ఎత్తితే ఒక గీత పడుతుంది. చాలా మిషన్లకు అది 3 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. మీ మిషన్ పుస్తకంలో ఇచ్చిన అంకె ఉంటే అదే ఖాయం. గీత ఒక పక్క లావు, ఒక పక్క సన్నం అయితే సెట్టింగ్ తప్పింది. చివర్లలో లావై మధ్యలో సన్నబడితే రబ్బరు అరిగింది, దాన్ని స్క్రూలతో సరిచేయలేం.

తప్పు ఇంకుదేనేమో?

అప్పుడప్పుడు. ఇంకు గట్టిగా ఉందని కిరోసినో, రిడ్యూసరో (ఇంకును పలచన చేసే మందు) చేతికొచ్చినంత కలిపితే అది నీళ్ళను ఆపలేదు. కలపాల్సి వస్తే తూచి కలపండి, డబ్బా మొత్తానికి కాకుండా ఆ జాబ్‌కి కావలసినంతకే కలపండి. అదే కంపెనీ కొత్త డబ్బా తెరిచి, ఏమీ కలపకుండా వంద కాపీలు నడిపి చూస్తే ఇంకు తప్పో కాదో తేలిపోతుంది. బంగారు, వెండి రంగుల ఇంకులు నీళ్ళు తక్కువ ఓర్చుకుంటాయి, వాటికి నీళ్ళు వీలైనంత తగ్గించి నడపాలి.

కిరోసిన్‌తో కడిగితే తప్పేంటి?

అది ఆరాక నూనె పొర మిగులుతుంది. ఇంకు రోలర్‌కి అంత నష్టం లేకపోవచ్చు గానీ వాటర్ రోలర్‌కి ఆ పొరే శత్రువు. తప్పనిసరై వాడితే తర్వాత నీళ్ళలో కలిసే వాష్‌తో ఒకసారి, ఉత్త నీళ్ళతో ఒకసారి తుడవండి. పెట్రోల్ మాత్రం అసలు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది, నిప్పు ప్రమాదం కూడా.

భోజనానికి ఆపినప్పుడు, రాత్రి మూసేటప్పుడు ఏం చేయాలి?

పావుగంట దాటి ఆపితే ప్లేటుకు గమ్ము పట్టించి, డ్యాంపర్లు ఎత్తి ఉంచండి. దించి వదిలేస్తే రోలర్ తగిలిన చోటే ఇంకు ఆరి గీత పడుతుంది. రాత్రికి తొట్టి ఖాళీ చేసి తుడవాలి. నిలవ నీళ్ళలో నాచు, జిగురు పెరుగుతాయి, అవి పైపుల్లో అడ్డం పడి ఒక పక్క నీళ్ళు తగ్గుతాయి. మర్నాడు ఆ పక్కే ఇంకు పడుతుంది.

పేపరు వల్ల కూడా వస్తుందా?

వస్తుంది. దుమ్ము రాలే నాసిరకం మ్యాప్‌లిథో (పూత లేని కాగితం) నడిపితే ఆ నూగు బ్లాంకెట్ (ప్లేటు నుంచి అచ్చును కాగితానికి అందించే రబ్బరు షీటు) నుంచి ప్లేటుకీ, ప్లేటు నుంచి డ్యాంపర్లకీ చేరి ఇంకుతో కలిసి ముద్దకడుతుంది. రోలర్ మీది మడ్డిని వేళ్ళ మధ్య నలిపి చూడండి. పీచులా తగిలితే కాగితం నూగు, సుద్దలా తగిలితే పూత. అలాంటి లాటు వచ్చినప్పుడు బ్లాంకెట్ తరచుగా కడగడం తప్ప దారి లేదు. తర్వాతి లాటుకు కాగితం మార్చమని పార్టీకి ముందే చెప్పండి.

పత్రికలు అచ్చువేసే వెబ్ మిషన్లలోనూ ఇదే గొడవా?

అంతగా ఉండదు. వాటిలో చాలావాటికి స్ప్రే డ్యాంపనింగ్ ఉంటుంది. నీళ్ళు నాజిళ్ళ నుంచి తుంపరగా రోలర్ మీద పడతాయి, నీటి ట్యాంకుకీ రోలర్‌కీ మధ్య తాకిడే లేదు కాబట్టి ఇంకు వెనక్కి నడిచి నీళ్ళలో కలిసే దారి లేదు. అక్కడ చూసుకోవాల్సింది మూసుకుపోయిన నాజిల్. ఒక్క నాజిల్ ఆగితే పేజీలో సరిగ్గా దాని వెడల్పుకే మసక పట్టీ పడుతుంది. నాజిల్ తీసి శుభ్రం చేసి, ఫిల్టరు చూసుకుంటే పోతుంది.